మూడవ పేరు

అప్పుడే పుట్టిన శిశువు గుండె ఆ శిశువు గుప్పెడంత ఉంటుంది. ఆ గుప్పెడు గుండె పుట్టుకతోనే లోపంతో ఏర్పడితే ఇరవయ్యవ శతాబ్ది నడిమి వరకు వైద్యులు చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. బిడ్డ పెదవులు, గోళ్లు, నాలుక నీలమెక్కేవి. ఏడిస్తే ఆ నీలం మరింత ముదిరేది. నడక నేర్చిన పిల్లలైతే నాలుగడుగులు వేసి, ఆయాసం ఓర్చుకోలేక గొంతుకూర్చొనేవారు. వారిని నీలి శిశువులు అనేవారు. అటువంటి బిడ్డలలో చాలామంది బాల్యం దాటేవారు కారు.

1944 నవంబరు 29వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో జరిగిన ఒక శస్త్రచికిత్స ఈ స్థితిని మార్చింది. ఆ చికిత్సను ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే శస్త్రవైద్యుడు, హెలెన్ టౌసిగ్ అనే శిశు హృద్రోగ నిపుణురాలు, వీరిద్దరి పేర్లతో లోకం పిలిచింది. దశాబ్దాల పాటు వైద్య గ్రంథాలలో ఆ రెండు పేర్లే కనిపించాయి. అయితే ఆ చికిత్సను ప్రయోగశాలలో కుట్టుకుట్టునా రూపొందించిన వ్యక్తి మరొకడు ఉన్నాడు. ఆయన వైద్యుడు కాడు. కళాశాలలో చదివినవాడూ కాడు. వడ్రంగి కుమారుడు, నల్లజాతివాడు. ఆయనే వివియెన్ థియోడోర్ థామస్.

థామస్ 1910 ఆగస్టు 29న లూసియానా రాష్ట్రంలో జన్మించాడు. ఆయన బాల్యంలోనే ఆ కుటుంబం టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరానికి తరలివచ్చింది. తండ్రి వడ్రంగం చేసి ఇల్లు గడిపేవాడు. బడి విడిచిన వేళల్లో కొడుకులకు కూడా ఉలి పట్టడం, కొలత తీయడం, చిత్రిక పట్టడం నేర్పాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అవి వర్ణవివక్ష చట్టబద్ధంగా అమలులో ఉన్న రోజులు. నల్లవారి బడి వేరు, బండిలో చోటు వేరు, మంచినీటి కుళాయి వేరు. అయినా నాష్‌విల్‌లోని పెర్ల్ ఉన్నత పాఠశాల నల్లజాతి పిల్లలకు చక్కని చదువు చెప్పేది. 1929లో థామస్ అక్కడ ఉన్నత విద్య పూర్తి చేశాడు. వైద్యుడు కావాలన్నది ఆయన చిన్ననాటి కోరిక. అందుకు కూలిపనులు చేసి పైసా పైసా కూడబెట్టాడు.

ఆ వేసవిలో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో వడ్రంగి పనికి కుదిరినప్పుడు ఒక చిన్న సంఘటన జరిగింది. అరిగిపోయిన చెక్క నేలలో ఒక భాగాన్ని తీసి థామస్ కొత్త పలక అమర్చాడు. పని మేస్త్రీ వచ్చి చూశాడు. అతుకు కంటికి కనిపిస్తున్నది. అతడు కేకలు వేయలేదు. అది తనకు సమ్మతం కాదని చెప్పి వెళ్లిపోయాడు. థామస్ ఆ పలకను ఊడదీసి, అతుకు కనిపించనంత సున్నితంగా మళ్లీ బిగించాడు. మొదటిసారే ఇలా చేసి ఉండవచ్చు గదా అన్నాడు మేస్త్రీ. ఒకే పని రెండుసార్లు చేయవలసిన అవసరం మళ్లీ రాకూడదని ఆ యువకుడు నిశ్చయించుకొన్నాడు. చూడడానికి స్వల్పమైన సంగతే. పదిహేనేళ్ల తరువాత ఆ చేతులు అగ్గిపుల్లంత మందమైన రక్తనాళాలను అతకవలసి వచ్చింది కనుక దీనిని చెప్పుకోక తప్పదు.

1929 అక్టోబరులో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. పనులు ఆగిపోయాయి. కళాశాలలో చేరే ఆలోచనను వాయిదా వేసుకొని, మిత్రుడొకరి మాట సాయంతో 1930 ఫిబ్రవరిలో థామస్ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ప్రయోగశాలలో సహాయకుడుగా చేరాడు. పరిస్థితులు చక్కబడిన వెంటనే చదువుకు వెళ్లిపోవాలన్నది ఆయన ఉద్దేశం. ఆ సంవత్సరమే ఆయన డబ్బు దాచుకొన్న బ్యాంకు దివాలా తీసింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. తాత్కాలికం అనుకొన్న కొలువే ఆయన జీవితమయింది.

అప్పటికి బ్లేలాక్‌కు ముప్పై ఏళ్లు, థామస్‌కు పందొమ్మిది. బ్లేలాక్ జార్జియా రాష్ట్రానికి చెందిన సంపన్న శ్వేతజాతి కుటుంబంలో పుట్టినవాడు. ప్రతిభాశాలి, ముక్కోపి. తీవ్రమైన గాయాల పాలైన మనిషి రక్తపోటు పడిపోయి ఎందుకు మరణిస్తాడనే విషయం మీద ఆయన పరిశోధన సాగిస్తున్నాడు. కొద్ది వారాలలోనే థామస్ జంతువులకు మత్తు ఇవ్వడం, నాళాలను బయటికి తీసి కొలతలు తీసుకోవడం, చిట్టాలు రాయడం నేర్చుకొన్నాడు. తొలి రోజులలో ఏదో పొరపాటు జరిగినప్పుడు బ్లేలాక్ నోటికి వచ్చినట్లు తిట్టాడు. థామస్ దుస్తులు మార్చుకొని ఆయన గదికి వెళ్లి, ఇటువంటి మాటలు పడడానికి తాను పెరగలేదని, ఇలాగే సాగేటట్లయితే జీతం లెక్క చూసి పంపివేయమని నిలబడి చెప్పాడు. బ్లేలాక్ క్షమాపణ కోరాడు. ఆ తరువాత ఆయన మీద ఎన్నడూ ఆ విధంగా నోరు చేసుకోలేదు. 1930లో దక్షిణాదిలో ఒక నల్లజాతి యువకుడు తెల్లజాతి యజమానితో ఆ మాట అనడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఊహించుకోవచ్చు.

కొన్నేళ్లకు మరొక సంగతి బయటపడింది. శస్త్రచికిత్సలు చేస్తూ, రసాయన పరీక్షలు చేస్తూ, పరిశోధన ఫలితాలు నమోదు చేస్తూ ఉన్న థామస్ పేరు విశ్వవిద్యాలయం జీతాల పట్టీలో పాకీపని, ఊడ్పుపని చేసేవారి శ్రేణిలో ఉన్నది. నల్లవారికి అక్కడ వేరొక శ్రేణి లేదు. తన పనికి తగిన శ్రేణి జీతం ఇవ్వవలసిందేనని ఆయన మర్యాదగానే పట్టుబట్టాడు. జీతం పెరిగింది. ఆయన సోదరుడు హెరాల్డ్ ఉపాధ్యాయుడు. నాష్‌విల్‌లో తెల్ల ఉపాధ్యాయులకు, నల్ల ఉపాధ్యాయులకు జీతాలలో చూపే వ్యత్యాసం మీద న్యాయస్థానానికి వెళ్లి 1942లో గెలిచాడు. అన్నదమ్ములిద్దరిలో ఉన్నది ఒకే పట్టుదల. ఒకరిది న్యాయస్థానం దారి, మరొకరిది ప్రయోగశాల దారి.

వాండర్‌బిల్ట్‌లో జరిగిన పని చిన్నది కాదు. గాయపడినవారు ఏదో విషపదార్థం వల్ల కాక, నెత్తురు, నెత్తురులోని ద్రవం నాళాలలో తగ్గిపోవడం వల్లనే కుప్పకూలుతారని వారి ప్రయోగాలు తేల్చాయి. ఆ జ్ఞానం ఆధారంగా రెండవ ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులకు రక్తం, ప్లాస్మా ఎక్కించి ఎందరినో బ్రతికించారు. అదే కాలంలో, 1938లో, వారు మరొక ప్రయోగం చేశారు. చేతికి నెత్తురు తీసుకొనిపోయే ధమనిని కోసి, దాని కొసను ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనికి అతికారు. ఊపిరితిత్తులలో రక్తపోటును పెంచి చూడాలన్నది వారి ఉద్దేశం. రక్తపోటు పెరగలేదు. ప్రయోగం విఫలమైనట్లు రాసుకొని పక్కన పెట్టారు. శాస్త్ర చరిత్రలో ఇటువంటి చిత్రాలు ఉంటాయి. కొన్ని సమాధానాలు ముందే పుట్టి, తమ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

1941లో జాన్స్ హాప్‌కిన్స్ సంస్థ బ్లేలాక్‌ను శస్త్రచికిత్స విభాగానికి అధిపతిగా ఆహ్వానించింది. థామస్ కూడా తనతో రావాలని ఆయన షరతు పెట్టాడు. అంతకుముందు డెట్రాయిట్‌లోని ఒక పెద్ద వైద్యశాల పిలిచినప్పుడు, నల్లవారిని చేర్చుకోమని ఆ వైద్యశాల చెప్పినందుకు బ్లేలాక్ ఆ పదవినే వదులుకొన్నాడు. ఆయన గుణదోషాలు తూచేవారు ఈ విషయం మరువరాదు. థామస్ భార్య క్లారాతో, ఇద్దరు చిన్నారి కుమార్తెలతో బాల్టిమోర్ చేరాడు. అక్కడ నల్లవారు కాపురం ఉండదగిన ఇల్లు దొరకడమే గగనమయింది. హాప్‌కిన్స్‌లో నల్లవారు ఊడ్చే పని తప్ప మరొకటి చేయగా చూసినవారు లేరు. ప్రయోగశాలలో వేసుకొనే తెల్లకోటుతో థామస్ నడవాలో నడిస్తే అందరూ ఆగి చూసేవారు. ఆ చూపులు తప్పించుకోవడానికి ఆయన బ్లేలాక్ కార్యాలయానికి వెళ్లవలసినప్పుడల్లా కోటు విడిచి మామూలు దుస్తులు వేసుకొని వెళ్లేవాడు.

ఆ రోజులలో హాప్‌కిన్స్‌లో శిశు హృద్రోగ విభాగాన్ని నడుపుతున్న వైద్యురాలు హెలెన్ టౌసిగ్. ఆమెకు వినికిడి శక్తి క్షీణించింది. గుండె చప్పుడును చెవితో వినలేక వేలికొసలతో తడిమి పోల్చుకొనేది. ఆమె దగ్గరకు వచ్చే నీలి శిశువులలో ఎక్కువమంది వ్యాధికి టెట్రాలజీ ఆఫ్ ఫాలో అని పేరు. ఇందులో నాలుగు లోపాలు కలిసి ఉంటాయి. ముఖ్యమైనవి రెండు. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు నెత్తురు పోయే దారి ఇరుకై ఉంటుంది. రెండు జఠరికల నడిమి గోడలో రంధ్రం ఉంటుంది. ముందు దారి ఇరుకు కావడంతో ప్రాణవాయువు లేని నెత్తురు ఊపిరితిత్తులకు పోలేక, ఆ రంధ్రం గుండా ఎడమ వైపుకు మళ్లి నేరుగా శరీరంలోనికి పోతుంది. బిడ్డ నీలమెక్కడానికి కారణం అదే.

టౌసిగ్ ఒక విశేషం గమనించింది. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరి పీల్చదు. అందువల్ల నెత్తురు ఊపిరితిత్తులను దాటిపోవడానికి బృహద్ధమనికి, పుపుస ధమనికి నడుమ ఒక చిన్న నాళం ఉంటుంది. పుట్టిన తరువాత కొద్ది రోజులకు అది మూసుకొనిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అలా మూసుకోవడమే మేలు. నీలి శిశువుకు మాత్రం అదే చేటు. ఆ నాళం తెరిచి ఉన్నంతవరకు కొంత నెత్తురు వెనుదారిన ఊపిరితిత్తులకు చేరి బిడ్డ కొంత తేటగా ఉంటుంది. మూసుకొన్న నాటి నుంచి క్షీణిస్తుంది. ప్రకృతి మూసివేసిన ఆ నాళాన్ని మనిషి తిరిగి నిర్మించలేడా అని ఆమె ఆలోచించింది. అటువంటి నాళాన్ని మూసివేసే శస్త్రచికిత్సను 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ చేశాడు. ఆమె ఆయన దగ్గరకే వెళ్లి అడిగింది. మూయడంలో పేరు పొందిన ఆయనకు తెరవడం మీద ఆసక్తి కలగలేదు. 1943లో ఆమె ఆ ప్రశ్నను బ్లేలాక్, థామస్‌ల ముందు పెట్టింది. నీటి గొట్టాల పని తెలిసినవాడు ఒక గొట్టాన్ని మరొకదానికి మళ్లించినట్లు నెత్తురును మళ్లించే దారి ఏదైనా ఉన్నదా అన్నది ఆమె అడిగిన దాని సారాంశం. అయిదేళ్ల కిందట విఫలమైందని పక్కన పెట్టిన ప్రయోగం వారికి గుర్తుకు వచ్చింది.

అక్కడి నుంచి భారమంతా థామస్‌ది. మొదట ఆయన హాప్‌కిన్స్ భద్రపరచిన శిశువుల గుండెలను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. లోపాల స్వరూపం మనసుకు పట్టించుకొన్నాడు. ఆ నాలుగు లోపాలను కుక్క గుండెలో యథాతథంగా కల్పించడం సాధ్యం కాదని గ్రహించాడు. కుక్కల నెత్తురులో ప్రాణవాయువు తరిగిపోయేట్లు చేసే ఉపాయం మరొకటి ఆలోచించాడు. ఆ తరువాత చేతి ధమనిని పుపుస ధమనికి అతికి, అవి తేరుకొంటాయేమో చూశాడు. దాదాపు రెండేళ్లు, రెండు వందల కుక్కలు. ఆనా అనే కుక్క ఆ చికిత్స తరువాత దీర్ఘకాలం జీవించిన మొదటి ప్రాణి. దాని చిత్రపటం హాప్‌కిన్స్ గోడమీదికి ఎక్కింది. థామస్ పటం ఆ సంస్థ గోడలకు ఎక్కడానికి మరెన్నో ఏళ్లు పట్టింది.

పనిముట్ల సంగతి మరొకటి. అంత సన్నని నాళాలు కుట్టడానికి తగిన సూదులు బజారులో లేవు. ఉన్న సూదులను థామస్ కురచ చేసి, మళ్లీ మొనదేర్చి, సానపట్టాడు. నెత్తురు పారకుండా నాళాన్ని నలగకుండా పట్టి ఉంచే పట్టుకారు కావలసి వస్తే, దానికి తగిన మార్పులు ఆలోచించి చేయించాడు. వడ్రంగి కొడుకుకు పనిముట్టు పట్ల ఉండే చూపు ఇక్కడ అక్కరకు వచ్చింది. కుట్టు బిగువైతే నాళం ముడుచుకొని నెత్తురు గడ్డకడుతుంది; వదులైతే నెత్తురు కారుతుంది. ఆ రెంటి నడుమ ఉన్న వెంట్రుకవాసి దూరాన్ని ఆయన వేళ్లు ఎరుగును.

ఇంతలో పదిహేను నెలల ఐలీన్ శాక్సన్ పరిస్థితి విషమించింది. ఆ పాప బరువు నాలుగు కిలోల ప్రాంతంలో ఉన్నది. ఏడాది దాటిన బిడ్డ పసికందు బరువుకు మించి పెరగలేదు. ఆగే వ్యవధి లేదు. బ్లేలాక్ కుక్క మీద ఈ చికిత్సను థామస్ పక్కన సహాయకుడుగా నిలబడి ఒకసారి మాత్రమే చేసి ఉన్నాడు. థామస్ చేసిన లెక్కకు అంతులేదు. అయినా కత్తి పట్టే అర్హత పత్రం ఒకరి దగ్గర, కుట్టే అనుభవం మరొకరి దగ్గర ఉన్నాయి.

ఆనాడు శస్త్రచికిత్స గదికి వెళ్లకూడదనే థామస్ అనుకొన్నాడు. తాను ఎదుట ఉంటే బ్లేలాక్ తొట్రుపడవచ్చునని ఆయన సంకోచం. బ్లేలాక్ మనిషిని పంపి పిలిపించాడు. తన కుడి భుజం వెనుక నిలబడమని కోరాడు. థామస్ ఒక చిన్న పీట మీద నిలబడి, ఆ భుజం మీదుగా తొంగి చూస్తూ గంటల తరబడి దారి చూపాడు. ధమని పొడవు చాలుతుందా, కుట్టు ఎంత ఎడంగా పడాలి, సూది ఏ వైపు నుంచి పోవాలి అని బ్లేలాక్ అడుగుతూ ఉంటే ఆయన మెల్లగా చెబుతూ వచ్చాడు. ఒకటి రెండు చోట్ల సూది తప్పు దిశలో సాగితే సవరించాడు. ఎదుట నిలబడి చూసిన యువ వైద్యులలో డెంటన్ కూలీ ఒకడు. తరువాతి కాలంలో హృదయ శస్త్రచికిత్సలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆ బల్ల చుట్టూ ఉన్న వారందరికీ ఎవరు ఎవరికి నేర్పుతున్నారో కనబడుతూనే ఉన్నది.

పట్టుకారు తీయగానే చేతి ధమని నెత్తురు ఊపిరితిత్తులకు పారింది. పాప బ్రతికి బయటపడి రెండు నెలలకు ఇంటికి వెళ్లింది. అయితే కొన్ని నెలల తరువాత నీలం తిరిగి కమ్ముకొన్నది. రెండవ పుట్టినరోజు రాకముందే ఐలీన్ కన్నుమూసింది. 1945 ఫిబ్రవరిలో ఆరేళ్ల బాలుడికి ఇదే చికిత్స చేసినప్పుడు మాత్రం బల్ల మీదనే వాడి పెదవులు ఎర్రబడ్డాయి. అది చూసినవారు ఆ క్షణాన్ని జీవితాంతం చెప్పుకొన్నారు. వార్త నలుమూలలా పాకింది. బిడ్డలను ఎత్తుకొని తల్లిదండ్రులు దూరదేశాల నుంచి బాల్టిమోర్‌కు బారులు తీరారు. ఏడాది లోపల రెండు వందల మందికి పైగా పిల్లలకు అక్కడ ఈ చికిత్స జరిగింది.

ఇది రోగాన్ని పూర్తిగా పోగొట్టే చికిత్స కాదు. గోడలో రంధ్రం అలాగే ఉంటుంది. ఇరుకు దారి ఇరుకుగానే ఉంటుంది. పక్కనుంచి మరొక దారి తెరిచి, బిడ్డ బ్రతకడానికి చాలినంత నెత్తురును ఊపిరితిత్తులకు పంపడమే దీని పని. దీనిని ఉపశమన శస్త్రచికిత్స అంటారు. ఇది ఇచ్చేది ఆరోగ్యం కాదు, గడువు. ఆ గడువు వృథా కాలేదు. 1953లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం సాయంతో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండెను తెరిచి శస్త్రచికిత్స చేశాడు. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై టెట్రాలజీ లోపాలను లోపలి నుంచే సరిదిద్దాడు. అంతకు పదేళ్ల ముందు పుట్టినందువల్ల మరణించవలసిన ఎందరో పిల్లలు, చేతి ధమని పోసిన ఊపిరితో ఆ రోజు దాకా బ్రతికి ఉన్నారు.

1945 మేలో అమెరికా వైద్య సంఘం పత్రికలో బ్లేలాక్, టౌసిగ్ పేర్లతో ఈ చికిత్స గురించిన వ్యాసం వెలువడింది. అందులో థామస్ పేరు లేదు. కృతజ్ఞతల వరుసలో సైతం లేదు. గురువు చేరదీయకపోయినా విలువిద్య నేర్చి, చివరకు బొటనవేలు సమర్పించుకొన్న ఏకలవ్యుని కథ మనం ఎరిగినదే. థామస్ కథ అంతకంటె చిక్కయినది. ఇక్కడ గురువు చేరదీశాడు, నేర్పాడు, శిష్యుని నుంచి తానూ నేర్చుకొన్నాడు. బొటనవేలు అడగలేదు, అది ఉంటేనే తన పని సాగుతుందని ఆయనకు తెలుసు. కాని ఆ చేతి సంతకాన్ని లోకానికి చూపలేదు. ఏది పెద్ద అన్యాయమో తేల్చడం సులభం కాదు.

జీతం చాలక థామస్ సాయంవేళల్లో బ్లేలాక్ ఇంట జరిగే విందులలో అతిథులకు పానీయాలు అందించేవాడు. పగలు తన దగ్గర కుట్టు నేర్చుకొన్న వైద్యులకే రాత్రి గ్లాసులు అందించవలసి వచ్చేది. 1946లో ఆయన విసిగి, నాష్‌విల్‌కు తిరిగి వెళ్లి ఇళ్లు కట్టే పని చూసుకొందామనుకొన్నాడు. బ్లేలాక్ సంస్థతో మాట్లాడి జీతం గణనీయంగా పెంచించాడు. మరుసటి సంవత్సరం చదువు కోరిక మళ్లీ తలెత్తింది. బాల్టిమోర్‌లోని మోర్గాన్ కళాశాలను సంప్రదించాడు. అక్కడివారు ప్రయోగశాల అనుభవాన్ని లెక్కలోనికి తీసుకోబోమన్నారు. మొదటి తరగతి నుంచి మొదలుపెడితే వైద్యుడయ్యేసరికి యాభై ఏళ్లు నిండుతాయి. ఇంట భార్యాబిడ్డలు ఉన్నారు. ఆ ఆలోచన అంతటితో విరమించుకొన్నాడు.

ఆ కాలంలోనే ఆయన మరొక గొప్ప పని చేశాడు. కొందరు శిశువులకు గుండె నుంచి బయలుదేరే రెండు ప్రధాన ధమనులు తారుమారై ఉంటాయి. చెడు నెత్తురు శరీరంలోనే, మంచి నెత్తురు ఊపిరితిత్తులలోనే సుడి తిరుగుతూ ఉంటాయి. రెండూ కలవడానికి దారి లేకపోతే పుట్టిన కొద్ది రోజులకే ప్రాణం పోతుంది. రెండు కర్ణికల నడిమి గోడలో ఒక కిటికీ తెరిస్తే నెత్తురు కలిసి బిడ్డ నిలుస్తుంది. కొట్టుకొంటున్న గుండెను ఆపకుండా ఆ కిటికీ తెరిచే పద్ధతిని థామస్ కుక్కలలో ఒంటరిగా సాధించాడు. బ్లేలాక్ ఆ గుండెను చేతిలోకి తీసుకొని రంధ్రపు అంచులను వేలితో తడిమి చూశాడు. మనిషి చేసిన కోత ఎక్కడా కనిపించలేదు. దైవం చేసిన పని వలె ఉన్నదని ఆయన ఆశ్చర్యపోయాడు. ఫిస్క్‌లో అతుకు కనిపించని చెక్క నేల ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఈ చికిత్స కూడా వైద్యలోకంలో బ్లేలాక్, హాన్లన్ అనే ఇద్దరి పేర్లతోనే నిలిచింది. 1966లో విలియం రాష్‌కిండ్ రొమ్ము తెరవకుండా, సిర గుండా బెలూను పంపి అదే కిటికీ తెరిచే పద్ధతి కనుగొనేవరకు అది ఎందరో శిశువులను నిలబెట్టింది.

1964లో బ్లేలాక్ మరణించాడు. థామస్ శస్త్ర పరిశోధనశాలల పర్యవేక్షకుడుగా కొనసాగాడు. దేశంలోని పెద్ద వైద్యశాలలలో హృదయ శస్త్రచికిత్స విభాగాలకు అధిపతులైన వారిలో అనేకులు తమ యౌవనంలో ఆయన పక్కన నిలబడి సూది పట్టినవారే. ఆయన అరిచేవాడు కాదు, చేసి చూపించేవాడు. 1970ల మొదట హాప్‌కిన్స్‌లో చేరిన నల్లజాతి యువ వైద్యుడు లెవై వాట్కిన్స్‌కు ఆయన పెద్దదిక్కు అయ్యాడు. గుండె లయ తప్పినప్పుడు దానంతట అదే సరిచేసే పరికరాన్ని 1980లో మొదటిసారి మనిషి శరీరంలో అమర్చినవాడు ఆ వాట్కిన్సే.

1971లో పాత శిష్యులందరూ చందాలు వేసుకొని థామస్ తైలవర్ణ చిత్రం వేయించారు. బ్లేలాక్ పేరుతో ఉన్న భవనంలో బ్లేలాక్ చిత్రానికి ఎదురుగా దానిని ఉంచారు. 1976లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. నిబంధనలు అడ్డురావడంతో అది వైద్యశాస్త్రంలో కాక న్యాయశాస్త్రంలో ఇవ్వవలసి వచ్చింది. ఏమైతేనేం, నలభై ఆరేళ్ల ప్రయోగశాల జీవితం తరువాత విద్యార్థులు ఆయనను డాక్టర్ థామస్ అని అధికారికంగా పిలవగలిగారు. శస్త్రచికిత్స విభాగంలో బోధకుడి పదవి కూడా ఇచ్చారు. 1979లో పదవీ విరమణ చేసి ఆత్మకథ రాయడానికి కూర్చున్నాడు. 1985 నవంబరు 26న క్లోమగ్రంథి క్యాన్సరుతో మరణించాడు. రెండు రోజుల తరువాత ఆ పుస్తకం అచ్చయి వెలువడింది. 2004లో ఆయన జీవితం చలనచిత్రంగా వచ్చిన తరువాత సామాన్య ప్రజలకు కూడా ఆ పేరు తెలిసింది.

ఈనాడు ఆ చికిత్స కొంత మారింది. చేతి ధమనిని కోయడం లేదు. దానికీ పుపుస ధమనికీ నడుమ గోర్‌టెక్స్ అనే పదార్థంతో చేసిన సన్నని గొట్టాన్ని కుడుతున్నారు. నవజాత శిశువులకు వాడే గొట్టం లోపలి వ్యాసం సాధారణంగా 3.5 మిల్లీమీటర్లు. గొట్టం పెద్దదైతే నెత్తురు ఊపిరితిత్తులను ముంచెత్తుతుంది; చిన్నదైతే బిడ్డకు చాలదు; గడ్డకట్టి మూసుకొంటే నిమిషాలలో ప్రాణాపాయం. పుట్టినప్పటి నాళం మూసుకోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ మందు 1970ల నుంచి వాడుకలో ఉన్నది కాబట్టి శస్త్రచికిత్స జరిగేవరకు బిడ్డను నిలపగలుగుతున్నారు. ఇటీవలి కాలంలో కొందరు శిశువులకు ఆ నాళంలోనే స్టెంటు అమర్చి కోత లేకుండా గడుపుతున్నారు. గుండె ఎడమ భాగం ఎదగకుండా పుట్టిన బిడ్డలకు 1980లలో నార్వుడ్ రూపొందించిన శస్త్రచికిత్సలో కూడా ఈ గొట్టమే ఒక అంగమయింది. వైద్య గ్రంథాలలో, మార్గదర్శక పత్రాలలో దీనిని బ్లేలాక్, టౌసిగ్, థామస్ నాళం అని మూడు పేర్లతో రాసే అలవాటు ఇప్పుడు వ్యాపించింది.

నార్వుడ్ చికిత్స పొందిన బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలల వయసు వచ్చేసరికి రెండవ శస్త్రచికిత్స చేస్తారు. అప్పటికి ఊపిరితిత్తుల నాళాలు ఎదిగి, మరొక ఏర్పాటును భరించగలుగుతాయి. ఆనాడు ఆ చిన్న గొట్టాన్ని కట్టివేసి, కత్తిరించి తొలగిస్తారు.